ఆత్మకూరులో అక్షరాలెన్ని?

ఆ మధ్య మా తొమ్మిదో తరగతి పిల్లలు కంప్యూటరు గదిలో ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. అది తెలుగు మార్కులు అడుగుతుంది, లెక్కల మార్కులు అడుగుతుంది, రెండూ కలిపి మొత్తం చెబుతుంది. అంతే. ఒక కుర్రవాడు తెలుగుకు 78 అనీ, లెక్కలకు 65 అనీ కొట్టాడు. తెర మీద జవాబు వచ్చింది: 7865.

"ఏంది సార్, నాకు ఏడువేల చిల్లర మార్కులొచ్చినాయే!" అని వాడు ఎగిరి గంతేశాడు. గదంతా నవ్వులు. నవ్వులు సద్దుమణిగాక అడిగాను: "తప్పు ఎవరిది?" కంప్యూటరుదని సగంమంది, వాడు సరిగా కొట్టలేదని సగంమంది. నిజానికి తప్పు ఆ ఇద్దరిదీ కాదు. ఆ 7865 వెనక ఒక చక్కని సంగతి దాగి ఉంది. దాన్ని పట్టుకుంటే కంప్యూటరు భాషల లోపలి పనితనం సగం మీకు తెలిసిపోయినట్టే.

ముందొక ప్రశ్న. మన ప్రాంతపు పిన్‌కోడులు 524తో మొదలవుతాయని మీకు తెలుసు. ఉదయగిరి పిన్‌కోడుకు ఆత్మకూరు పిన్‌కోడు కూడితే ఏం వస్తుంది? కూడిక చేయవచ్చు, ఏదో ఒక సంఖ్య రాకపోదు. కాని దానికి అర్థం లేదు. ఎందుకంటే పిన్‌కోడు అంకెలతో రాసిన పేరు, అది సంఖ్య కాదు. మార్కులు అలా కాదు, అవి కూడడానికే పుట్టాయి. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది పేరో ఏది సంఖ్యో మనకు తెలుసు గనుక మనం పొరబడం. మరి కంప్యూటరుకు ఎలా తెలియాలి?

కంప్యూటరు జ్ఞాపకంలో ఉండేవి సున్నలూ ఒకట్లూ మాత్రమే. ఎనిమిదింటిని ఒక గుంపు చేస్తే దాన్ని బైటు అంటారు. ఒక బైటులో 01000001 అని ఉందనుకోండి. అది ఏమిటి? సంఖ్య అనుకుని చదివితే 65. అక్షరం అనుకుని చదివితే ఇంగ్లీషు బడిలో మొదట నేర్పే పెద్ద 'ఏ'. ఒక బొమ్మలోని చుక్క అనుకుంటే ముదురు బూడిదరంగు. ఆ బైటును ఎంత సేపు పరీక్షగా చూసినా అది ఈ మూడింటిలో ఏదో చెప్పదు. చెప్పవలసింది మరొకరు. అలా చెప్పే గుర్తునే 'రకం' అంటారు. ఇంగ్లీషులో టైపు.

ఆ గుర్తు ఎవరు పెడతారో తెలియాలంటే ఇంటర్‌ప్రెటరు అంటే ఏమిటో ఒక మాట చెప్పుకోవాలి. కంపెనీ దొరల కాలంలో మద్రాసులో దుబాసీలు ఉండేవారు. దొరకు తెలుగు రాదు, మన వర్తకుడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీ నిలబడి ఒక్కొక్క మాటా విని అప్పటికప్పుడు రెండో భాషలో చెప్పేవాడు. ఇంటర్‌ప్రెటరు అనే ప్రోగ్రాము చేసే పని ఇదే. మీరు రాసిన ఒక్కొక్క వాక్యాన్నీ చదివి, దాని భావం గ్రహించి, యంత్రం చేత ఆ పని అప్పటికప్పుడు చేయిస్తుంది. మా పిల్లలు వాడిన భాష పైతాన్. దాన్ని గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు తయారుచేసి 1991లో బయటపెట్టాడు. అందరూ ఎక్కువగా వాడే పైతాన్ ఇంటర్‌ప్రెటరును సీ అనే మరో భాషలో రాశారు. దుబాసీ ఇల్లు సీ భాషలో కట్టినది, అతను మాట్లాడేది పైతాన్ అన్నమాట.

సంఖ్యలు, మాటలు, జాబితాలు వంటి రకాలు ఈ దుబాసీతో పాటే పుట్టినవి. వాటిని మీరు తయారుచేయనక్కరలేదు. పుస్తకాల్లో వీటిని అంతర్నిర్మిత రకాలు అంటారు. అంత పెద్దమాట మనకెందుకు, 'పుట్టు రకాలు' అనుకుందాం.

పుట్టు రకాల కథ పైతాన్ కంటే చాలా పాతది. 1958 ప్రాంతంలో అమెరికాలో జాన్ మెకార్తీ లిస్పు అనే భాషను రూపొందించాడు. దాని ఇంటర్‌ప్రెటరును ఆయన కాగితం మీద ఒక సిద్ధాంతంగా రాసుకుంటే, స్టీవ్ రస్సెల్ అనే కుర్రవాడు దాన్ని నిజంగానే ఐబీఎమ్ 704 యంత్రం మీద నడిపించాడు. అందులో ముఖ్యంగా ఉన్నవి రెండే: విడదీయరాని అణువు, రెండింటిని ముడివేసే జత. జతలను గొలుసుగా వేసుకుంటూ పోతే ఎంత పొడుగు జాబితా అయినా తయారవుతుంది. ఆ మెకార్తీ దగ్గరే పరిశోధన చేసి 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు తీసుకున్నవారు మన తెలుగువారైన రాజ్ రెడ్డి. ఆయన స్వగ్రామం శ్రీకాళహస్తి ప్రాంతంలోని కాటూరు, మన నెల్లూరు సరిహద్దుకు అట్టే దూరం కాదు. 1994లో ఆయనకు ట్యూరింగు బహుమతి వచ్చింది.

మన దేశపు బడుల్లోకి కంప్యూటర్లు మొదట వచ్చింది 1984లో, 'క్లాస్' అనే పథకం కింద. ఆ యంత్రాల పేరు బీబీసీ మైక్రో. జ్ఞాపకం 32 కిలోబైట్లు. ఈనాటి ఒక ఫోటో కూడా అందులో పట్టదు! వాటిలో ఉన్న బేసిక్ భాషలో రకపు గుర్తు పేరు చివరనే తగిలించేవారు. పేరు చివర % ఉంటే పూర్ణసంఖ్య, $ ఉంటే మాట, ఏమీ లేకపోతే దశాంశ సంఖ్య. పూర్ణసంఖ్యకు సరిగ్గా 4 బైట్లు ఇచ్చారు. అందుచేత 2147483647 దాటిన సంఖ్య అందులో పట్టదు. మాట పొడవును ఒకే బైటులో రాసుకునేవారు. ఒక బైటులో రాయగల పెద్ద సంఖ్య 255. కనుక 255 అక్షరాలను మించిన వాక్యం ఆ భాషలో లేదు. చూశారా, ఎవరో ఒకరు ఒక గదిలో కూర్చుని 'దీనికి ఒక బైటు చాలు' అనుకున్నారు. ప్రపంచంలోని బడిపిల్లలందరి వాక్యాలకూ అది కొలబద్ద అయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

పైతాన్‌లో గుర్తు పేరు మీద ఉండదు, విలువ మీదే ఉంటుంది. ప్రతి విలువా ఒక పెట్టె. పెట్టె మీద ముందుగా రెండు వరుసలు రాసి ఉంటాయి. మొదటి వరుస, ఈ పెట్టెను ఎన్ని చోట్ల నుంచి పట్టుకుని ఉన్నారనే లెక్క. రెండో వరుస, ఇది ఏ రకం అనేది. ఆ తరువాతే లోపలి సరుకు. ఇప్పటి మామూలు కంప్యూటర్లలో ఈ రెండు వరుసలకే చెరి 8 బైట్లు, మొత్తం 16 పోతాయి. 5 అనే చిన్న సంఖ్యను దాచడానికి పైతాన్ 28 బైట్లు ఖర్చు చేస్తుందంటే నమ్ముతారా? గవ్వంత వస్తువుకు గంపంత పెట్టె.

ఇంత దుబారా ఎందుకంటే, ఉదయగిరి కొయ్య సామాను చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. అక్కడి పనివారు చెంచాలు చేస్తారు, ఫోర్కులు చేస్తారు, అట్లకాడలు చేస్తారు. కొస ఒక్కోదానికి ఒక్కో తీరు. పిడి మాత్రం అన్నిటికీ ఒకటే తీరు, అందుకే ఏది చేతికొచ్చినా చెయ్యి తడుముకోదు. ఆ రెండు వరుసలూ పెట్టెకు పిడి. లోపల సంఖ్య ఉందో, పద్యం ఉందో, వెయ్యిమంది పేర్ల జాబితా ఉందో దుబాసీకి తెలియనక్కరలేదు. పిడి పట్టుకుని రెండో వరుస చదివితే చాలు.

చదివి ఏం చేస్తుంది? ప్రతి రకానికీ ఒక పట్టిక ఉంటుంది. కూడమంటే ఏం చేయాలి, పొడవు అడిగితే ఏం చెప్పాలి, తెర మీద చూపమంటే ఎలా చూపాలి అని అందులో గడులు ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క పనిముట్టు. సంఖ్యల పట్టికలో 'కూడు' గడిలో బడిలో నేర్చుకున్న కూడిక ఉంది. మాటల పట్టికలో ఆ చోట 'పక్కపక్కన అతికించు' అని ఉంది. దుబాసీకి ప్లస్ గుర్తు కనబడితే స్థూలంగా ఏం జరుగుతుందంటే, ముందు ఎడమవైపు పెట్టెను 'నీకు ఇది చేతనవునా?' అని అడుగుతుంది. కాదంటే కుడివైపు పెట్టెను అడుగుతుంది. ఇద్దరూ కాదంటే 'రకం తప్పు' అని ఆగిపోతుంది.

ఇప్పుడు 7865 రహస్యం మీరే చెప్పగలరు. మీట నొక్కి లోపలికి పంపినదేదైనా పైతాన్‌కు మొదట మాటే. 78 అనేది 7, 8 అనే రెండు గుర్తుల మాట. 65 కూడా అంతే. మాటకు మాట కూడమన్నారు, అతికించి ఇచ్చింది. యంత్రం తన పట్టికను అక్షరాలా పాటించింది. మనం చేయవలసింది, వచ్చిన మాటను ముందు సంఖ్యగా మార్చమని చెప్పడం. అప్పుడు 143 వస్తుంది. ఒక అమ్మాయి మాటను 2తో గుణించి చూసింది. 7878 వచ్చింది. మాటల పట్టికలో 'గుణించు' అంటే 'అన్నిసార్లు రాయి' అని ఉంది మరి.

మాట 78కి సంఖ్య 65 కూడమంటే? పైతాన్ ఒప్పుకోదు, ఆగిపోతుంది. 1995లో వచ్చిన జావాస్క్రిప్టు అనే భాష మాత్రం పోనీలే అని సంఖ్యను కూడా మాటగా మార్చేసి 7865 అని చేతిలో పెడుతుంది. పిల్లలకు ఆ మంచితనమే నచ్చుతుంది. నన్నడిగితే ఆగిపోవడమే మేలు. తెలియకపోతే తెలియదని చెప్పే దుబాసీ, తోచిందేదో చెప్పి బేరం చెడగొట్టే దుబాసీ కంటే నయం కదా!

ఇక సంఖ్య పెట్టె లోపల చూద్దాం. బీబీసీ బేసిక్‌కు ఉన్న 2147483647 అనే గోడ పైతాన్ పూర్ణసంఖ్యకు లేదు. చదరంగం గడులలో గింజలు పోసే కథ మీకు తెలుసు. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. 64 గడులకూ కలిపి 18446744073709551615 గింజలు. పైతాన్ దీన్ని ఒక్క గింజ తేడా లేకుండా చెబుతుంది. ఎలా? మీరు నోటుబుక్కులో చేసినట్టే. మనం సంఖ్యను అంకెలుగా విడదీసి కుడినుంచి కూడుతూ, 10 రాగానే 'చేతిలో ఒకటి' అని పక్క స్థానానికి తీసుకుపోతాం. పైతాన్ కూడా సంఖ్యను స్థానాలుగా విడగొడుతుంది. కాని దాని స్థానం మనలాగా పదికి నిండదు. ఒక్కొక్క స్థానంలో 30 బిట్లు, అంటే 1073741824 అయితేగాని 'చేతిలో ఒకటి' రాదు. ఆ గింజల లెక్క మొత్తానికి అలాంటి స్థానాలు మూడు చాలు! స్థానాలు ఎన్ని కావలసివస్తే అన్ని వేసుకుంటుంది. జ్ఞాపకం నిండిపోవడం ఒక్కటే దానికి హద్దు. రెండో తరగతిలో నేర్చుకున్న కూడిక ఇంత పెద్ద యంత్రంలోనూ అదే రూపంలో కూర్చుని ఉండడం నాకు ఎప్పటికప్పుడు సంతోషం కలిగిస్తుంది.

దశాంశాల సంగతి వేరు. వాటికి 8 బైట్లే ఇచ్చారు. 1ని 3తో భాగిస్తే మన పద్ధతిలో 0.3333 అని తెగకుండా సాగినట్టే, 0.1 అనేది రెండు అంకెల పద్ధతిలో తెగకుండా సాగుతుంది. ఎక్కడో కత్తిరించాలి. అందుకే 0.1కి 0.2 కూడితే పైతాన్ 0.30000000000000004 అంటుంది. భయపడకండి, యంత్రం చెడిపోలేదు.

పెట్టె మీది మొదటి వరుస, అదే 'ఎన్ని చోట్ల నుంచి పట్టుకున్నారు' అనే లెక్క, ఎందుకో చెప్పలేదు. చెరువు తూము దగ్గర కాపలా మనిషిని చూశారు కదా. ఎన్ని మళ్ళకు నీళ్ళు పారాలో అతను లెక్క పెట్టుకుంటాడు. ఒక్కో మడీ తడవగానే ఒకటి తీసేస్తాడు. లెక్క సున్నకు రాగానే తూము మూసేస్తాడు. ముందే మూస్తే పైరు ఎండుతుంది, మరిచిపోతే చెరువు ఖాళీ. దుబాసీ చేసేదీ ఇదే. ఒక పెట్టెకు ఒక పేరు పెట్టగానే లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ పేరు మరో పెట్టెకు మారగానే ఒకటి తగ్గుతుంది. సున్న అయిన వెంటనే పెట్టె పగలగొట్టి ఆ జాగా ఇంకొకదానికి ఇచ్చేస్తుంది. ఇంటర్‌ప్రెటరు రాసేవారిని ఎక్కువగా ఏడిపించేది ఈ లెక్కే. పట్టికలోని ఏ పనిముట్టులో ఒక్కచోట లెక్క తప్పినా, ఆ తప్పు ఎక్కడో, ఎప్పుడో బయటపడుతుంది.

ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. ఒక జాబితాకు రెండు పేర్లు పెడితే రెండు జాబితాలు కావు, పెట్టె ఒకటే. 'ఏ సెక్షను' అనే జాబితాను 'బీ సెక్షను' అని కూడా పిలిచి, బీలో ఒక పేరు చేరిస్తే ఏలోనూ చేరిపోతుంది. సంఖ్యల పెట్టెలకూ మాటల పెట్టెలకూ ఈ చిక్కు లేదు, ఎందుకంటే వాటికి మూత సీలు వేసి ఉంటుంది. ఒకసారి తయారైతే లోపలి సరుకు మారదు. మార్చాలంటే కొత్త పెట్టె కావలసిందే.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. కొన్నేళ్ళ క్రితం మా బడి పిల్లవాడు ఒకడు ఏదో దరఖాస్తు కంప్యూటరులో నింపాడు. పేరు తెలుగులో రాయాలి, 'పది అక్షరాలకు మించరాదు' అని ఉంది. వాడి పేరు సుబ్రహ్మణ్యం. సు, బ్ర, హ్మ, ణ్యం. నాలుగే అక్షరాలు. ధైర్యంగా నింపాడు. తీరా చీటీ అచ్చయి వచ్చాక చూస్తే 'సుబ్రహ్మణ్' అని ఉంది. దాన్ని సరిదిద్దించుకోవడానికి వాళ్ళ నాయన కూలి పని మానుకుని రెండుసార్లు బస్సెక్కి పోయి రావలసి వచ్చింది. కాయితం మీద పేరు తప్పుంటే ముందు ముందు ఎన్ని చిక్కులో మీ ఇళ్ళలో అడగండి. "నాలుగక్షరాలు పదికి మించుతాయా సార్?" అని వాడు అడిగితే ఆరోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

జవాబు మాటల పెట్టె లోపల ఉంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన ఏర్పాటు యూనికోడు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడులు ఇచ్చారు, 3072 నుంచి 3199 వరకు. అందులో అచ్చులకు ఒక్కొక్క గడి, హల్లులకు ఒక్కొక్క గడి, గుణింతపు గుర్తులకు విడివిడిగా ఒక్కొక్క గడి, పొల్లుకు ఒకటి, సున్నకు ఒకటి. వత్తులకు మాత్రం గడులు లేవు. త కింద మ వత్తు కావాలంటే త, పొల్లు, మ అని మూడు సంఖ్యలు రాస్తారు. వాటిని కలిపి త్మ అని బొమ్మ గీయడం తెర మీద ఫాంటు చేసే పని. పెట్టెలో ఆ బొమ్మ ఉండదు.

ఆత్మకూరు అనే పేరు పెట్టెలో ఇలా ఉంటుంది: ఆ 3078, త 3108, పొల్లు 3149, మ 3118, క 3093, దీర్ఘపు కొమ్ము 3138, ర 3120, కొమ్ము 3137. మొత్తం ఎనిమిది. పొడవు ఎంతని పైతాన్‌ను అడిగితే 8 అంటుంది. ఒకటో తరగతి పిల్లవాడు ఆ-త్మ-కూ-రు, నాలుగు అంటాడు. ఉదయగిరిని అడిగితే 7 అంటుంది, మనం 5 అంటాం. సుబ్రహ్మణ్యంలో ఉన్నవి పన్నెండు. పదో దాని దగ్గర కోస్తే ణ కింద పొల్లు దగ్గర తెగింది. వాడి పేరుకు పట్టిన గతి అది.

మరో వింత చూడండి. 1514లో మన ఉదయగిరి కోటను పట్టుకున్న కృష్ణదేవరాయల కొలువులో తెనాలి రామకృష్ణుడు ఉండేవాడని కథలు చెబుతారు. ఆయనకు వికటకవి అని బిరుదు. ఎటునుంచి చదివినా ఒకటే కదా! పైతాన్ చేత తిరగేయించండి. వ, గుడి, క, ట, క, వ, గుడి అనే ఏడూ వెనకనుంచి వచ్చేసరికి గుడి మొదట పడుతుంది, ఆనుకోవడానికి దాని ముందు ఏ అక్షరమూ ఉండదు. 'రెండూ ఒకటేనా?' అంటే కాదు పొమ్మంటుంది. రామకృష్ణుడు వింటే ఊరుకునేవాడు కాదు.

ఇది పైతాన్ మనమీద పెట్టుకున్న పగ కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. మాటలో నూరో గుర్తు ఏదని అడిగితే తడుముకోకుండా చెప్పాలి. గుర్తులన్నీ ఒకే వెడల్పు ఉంటే అది సులువు. వెడల్పును నూరుతో హెచ్చవేసి నేరుగా అక్కడికి పోవచ్చు. అందుకే 2012లో వచ్చిన 3.3 కూర్పు నుంచి పైతాన్ ఒక ఏర్పాటు చేసుకుంది. మాటలోని గుర్తులన్నీ 255 లోపు సంఖ్యలైతే తలా ఒక బైటు. ఒక్కటి దాన్ని దాటినా అన్నిటికీ రెండేసి బైట్లు. ఒక్కటి 65535ను దాటినా అన్నిటికీ నాలుగేసి. పెళ్ళి పంక్తిలో ఒక్కడికి పెద్ద విస్తరి కావలసివస్తే అందరికీ పెద్ద విస్తరులే వేసినట్టు! మన తెలుగుకు రెండేసి చాలు గనుక ఆత్మకూరుకు 16 బైట్లు, పెట్టె ఖర్చు వేరు. మీరు ఫోనులో ఆ పేరు పక్కన ఒక నవ్వుమొహం బొమ్మ తగిలించారనుకోండి. దాని సంఖ్య 65535 కంటే పెద్దది. ఇప్పుడు తొమ్మిది గుర్తులకు నాలుగేసి, మొత్తం 36.

అయితే 'పొడవు' అనే గడిలో ఏ లెక్క పెట్టాలనేది దుబాసీని కట్టినవారి ఇష్టం. యాపిల్ కంపెనీ 2014లో తెచ్చిన స్విఫ్టు అనే భాష, గుణింతపు గుర్తును ముందున్న హల్లుతో కలిపి ఒకటిగానే లెక్కపెడుతుంది. యూనికోడు వారు కూడా 'చదివేవాడి దృష్టిలో ఒక అక్షరం' అంటే ఏమిటో నియమాలు రాశారు. చాలాకాలం ఆ నియమాల ప్రకారం త్, మ వేర్వేరు. ఆత్మకూరులో అక్షరాలు అయిదు! 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాల నియమం చేర్చారు. ఆ నియమం ప్రకారం లెక్కపెడితే ఇప్పుడు నాలుగు. మన ఒకటో తరగతి పిల్లవాడితో ప్రమాణాలు ఏకీభవించడానికి అన్నేళ్ళు పట్టింది.

మేము తరగతిలో ఊరుకోలేదు. కాగితాలతో ఒక ఇంటర్‌ప్రెటరు కట్టాం. మీరూ కట్టవచ్చు, కరెంటు అక్కర్లేదు. పోస్టుకార్డంత అట్టముక్కలు పెట్టెలు. ప్రతిదాని మీద మూడు వరుసలు: లెక్క, రకం, సరుకు. ఒక అమ్మాయి దుబాసీ. సంఖ్యల పట్టిక ఒకరి చేతిలో, మాటల పట్టిక ఇంకొకరి చేతిలో. దుబాసీ అట్టముక్క లోపలి సరుకు చదవకూడదు, రెండో వరుస చూసి సరైన పట్టిక ఉన్నవారికి ఇవ్వాలి. అదొక్కటే నిబంధన. మొదటి పది నిమిషాలు అందరూ సరుకు చూసేసి తప్పులు చేశారు. తరువాత పట్టు దొరికింది. సంఖ్యను పొడవెంతని అడిగితే ఏం చేయాలని కొంతసేపు వాదన జరిగింది. 78కి పొడవు రెండు అని కొందరన్నారు. 'అది రాతలో పొడవు, సంఖ్యకు పొడవేమిటి?' అని ఒక కుర్రవాడు అడ్డుపడ్డాడు. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేశారు. పైతాన్ కూడా సరిగ్గా అదే చేసిందని చెబితే వాళ్ళకు ఎంత గర్వమో!

ఆ తరువాత మూడో రకం చేర్చాం. దానికి పిల్లలు పెట్టిన పేరు 'తెలుగుమాట'. సరుకు మామూలు మాటదే, పట్టికలో 'పొడవు' గడి మాత్రం వేరు. ఆ గడిలో పెట్టవలసిన నియమం ఇది. సంఖ్యలను ఎడమనుంచి ఒక్కొక్కటే చూడండి. 3134 నుంచి 3148 లోపుది అయితే గుణింతపు గుర్తు, ముందుదానితో కలపండి. 3073, 3074, 3075 అరసున్న, సున్న, విసర్గలు. 3149 పొల్లు. ఇవీ ముందుదానితోనే కలుస్తాయి. 3093 నుంచి 3129 లోపుది అయితే హల్లు. దానికి సరిగ్గా ముందు పొల్లు ఉంటే ఇది వత్తు, కలపండి. మిగిలినవన్నీ కొత్త అక్షరాలు. ఆత్మకూరు మీద నడపండి. ఆ కొత్తది, ఒకటి. త కొత్తది, రెండు. పొల్లు కలిసింది. మ హల్లే గాని ముందు పొల్లు ఉంది, కలిసింది. క కొత్తది, మూడు. దీర్ఘపు కొమ్ము కలిసింది. ర కొత్తది, నాలుగు. కొమ్ము కలిసింది. నాలుగు! తిరగేయడం కూడా ఈ అక్షరాల వారీగా చేస్తే వికటకవి వికటకవిగానే వచ్చాడు. మా తెలుగు మాస్టారు విని, 'అయితే గురులఘువులు కూడా గుర్తించమనండి, గణాలు విడదీసే పని తప్పుతుంది' అన్నారు. ఆ పని ఇంకా సాగుతోంది.

అంతా బాగుందనుకుంటుండగా ఒక అమ్మాయి కంప్యూటరులో 'బస్‌స్టాండు' అని కొట్టి తెచ్చింది. బ, స్, స్టాం, డు. నాలుగు రావాలి. మా నియమం అయిదు చెప్పింది. ఎంత వెతికినా అయిదోది కనబడదు. చివరకు సంఖ్యలు అచ్చు వేసి చూస్తే పొల్లుకూ రెండో సకారానికీ మధ్య 8204 అని ఒకటి ఉంది. అది తెర మీద కనబడని గుర్తు. ఇక్కడ వత్తుగా మార్చవద్దని ఫాంటుకు చెప్పడానికి పెడతారు. దాన్ని మా నియమం కొత్త అక్షరంగా లెక్కవేసింది. ముందుదానితో కలిసే జట్టులో 8204ను కూడా చేర్చగానే నాలుగు వచ్చింది.

పైతాన్ పొడవు చెబితే, మన ఊళ్ళలో మర్రిపాడు 9, దుత్తలూరు 9, వింజమూరు 8, కలిగిరి 7, సీతారామపురం 11, వరికుంటపాడు 11. ముందు ఆ సంఖ్యలు ఎలా వచ్చాయో విడదీసి రాసుకోండి. తరువాత అట్టముక్క మీద రెండో వరుసలో 'మాట' కొట్టేసి 'తెలుగుమాట' అని రాసి, మళ్ళీ పొడవు అడగండి.